పుట్టి (పడవ)

ఈ వ్యాసం నీటిపై నడిచే గుండ్రటి పడవ గురించి. ఇదే పేరు గల ధాన్యపు కొలత కొరకు పుట్టి (కొలమానం) చూడండి.

పుట్టి అనునది వెదురు బద్దలతో గంపవలె అల్లి, నీరు చొరకుండా వెలుపల తోలు గాని, తారు పూసిన గుడ్డ గాని కప్పిన గుండ్రటి చిన్న పడవ. రాయలసీమలో, ముఖ్యంగా కర్ణాటక సరిహద్దు ప్రాంతాలలో, దీనిని హరిగోలు అని కూడా అంటారు. కృష్ణ, తుంగభద్ర, కావేరి నదుల తీరాలలో శతాబ్దాలుగా వాడుకలో ఉన్న ఈ పడవ, నీరు అరుదైన అనంతపురం పీఠభూమిలోని చెరువులలో, జలాశయాలలో కూడా కనిపిస్తుంది. ఒక మనిషి మోయగలిగినంత తేలికగా ఉండడం, మోకాలి లోతు నీటిలోనైనా తేలడం, పాడైనప్పుడు ఊరిలోనే బాగు చేసుకోగలగడం దీని ముఖ్య లక్షణాలు. సొంతానికి ఒక చిన్న జలవాహనం కొనదలచిన వారు పుట్టిని, దాని ప్రత్యామ్నాయాలను ఏ విధంగా పోల్చి చూడవచ్చునో కూడా ఈ వ్యాసంలో వివరించబడింది.

పేరు

తెలంగాణలోను, కృష్ణా తీరంలోను పుట్టి అనే పేరు ఎక్కువగా వినిపిస్తుంది. కన్నడ భాషలో దీనిని హరిగోలు అంటారు. కళ్యాణదుర్గం, రాయదుర్గం ప్రాంతాలు కన్నడ సీమకు ఆనుకొని ఉండుటచేత అక్కడి తెలుగువారి మాటలోనూ ఆ పేరు వాడుకలో ఉంది. తమిళులు దీనిని పరిసల్ అంటారు. తెప్ప అనే మాట దీనికి పర్యాయపదం కాదు. దుంగలను, బొంగులను లేదా తేలే ఇతర వస్తువులను పక్కపక్కన చేర్చి కట్టినది తెప్ప. తెప్పకు అంచు గోడ ఉండదు, నీరు పైకి వచ్చి పోతూ ఉంటుంది. పుట్టి గిన్నె వంటిది, లోపలికి నీరు రాకూడదు.

నిర్మాణం

పుట్టిని సాధారణంగా మేదరులు గాని, ఆ పని నేర్చిన జాలరులు గాని అల్లుతారు. ముదిరిన వెదురును నిలువునా చీల్చి బద్దలు తీస్తారు. వాటిని నేలపై అడ్డంగా, నిలువుగా పరచి చాపవలె అల్లి అడుగు భాగాన్ని తయారు చేస్తారు. ఆ బద్దల కొసలను పైకి వంచి, వాటి నడుమ మరికొన్ని బద్దలను చుట్టూ అల్లుతూ పోగా గోడ ఏర్పడుతుంది. అంచున బద్దల కట్టను చుట్టూ తిప్పి తాడుతో బిగిస్తారు. ఈ అంచు కట్టు పుట్టికి ప్రాణం వంటిది. అది వదులైతే గుండ్రటి ఆకారం చెడి, ఒక పక్క గోడ లోపలికి ఒరుగుతుంది.

పూర్వం పైకప్పుకు ఎద్దు తోలును గాని, గేదె తోలును గాని వాడేవారు. తరువాతి కాలంలో మందపాటి గుడ్డకు తారు పూసి కప్పడం అలవాటయింది. ప్లాస్టిక్ పరదాలు, ఎరువుల సంచులు విరివిగా దొరకడం మొదలైన తరువాత వాటిని కుట్టి, అతుకుల మీద తారు పూసి వాడుతున్నారు. ఒకరిద్దరు చేపలు పట్టుకొనడానికి వాడే పుట్టి అడ్డుకొలత ఆరేడు అడుగులు ఉంటుంది. రేవు దాటించే పెద్ద పుట్టి ఇంతకు రెట్టింపు వరకు ఉండవచ్చును.

తేలే సూత్రం

తేలే వస్తువు తన మొత్తం బరువుకు సమానమైన బరువు గల నీటిని పక్కకు తొలగిస్తుంది. ఇది ఆర్కిమెడిస్ సూత్రం. 2 మీటర్ల అడ్డుకొలత గల పుట్టి అడుగు చదునుగా ఉన్నదనుకుంటే, దాని వైశాల్యం సుమారు 3.14 చదరపు మీటర్లు. అటువంటి పుట్టి 10 సెంటీమీటర్లు మునిగితే 314 లీటర్ల నీరు తొలగుతుంది, అనగా అది దాదాపు 314 కిలోల బరువును మోస్తున్నదన్న మాట. ఇద్దరు మనుషులు, వల, పుట్టి సొంత బరువు అన్నీ కలిపి 180 కిలోలైతే పుట్టి 6 సెంటీమీటర్లు కూడా మునగదు. వాస్తవంలో అడుగు కొంత వంపుగా ఉండుటచేత ఇంకొంచెం ఎక్కువ మునుగుతుంది. లోతు లేని చెరువులో, బండలున్న ఏటిలో పుట్టి నడవగలగడానికి కారణం ఇదే.

అయితే ఈ లెక్కలోనే ఒక ప్రమాదం దాగి ఉన్నది. అదే పుట్టిలో 60 కిలోల బరువు గల ఆరుగురు ఎక్కినా అది 13 సెంటీమీటర్లకు మించి మునగదు. గోడ ఎత్తు 65 సెంటీమీటర్లు ఉంటే ఇంకా అర మీటరు అంచు నీటిపైనే కనిపిస్తుంది. చూసేవారికి ఇంకా చోటున్నదనిపిస్తుంది. కాని ఆ ఆరుగురూ ఒకేసారి ఒక పక్కకు జరిగితే పుట్టి సుమారు 25 డిగ్రీలు ఒరిగి, ఆ పక్క అంచు నీటిమట్టానికి చేరువవుతుంది. నిలబడి ఉంటే బరువు కేంద్రం పైకి పోవుటచేత ఇంకా ఎక్కువ ఒరుగుతుంది. ఒకసారి నీరు లోపలికి వస్తే ఆ నీరు కూడా పల్లంగా ఉన్న పక్కకే పరుగెత్తి బోల్తాను త్వరపరుస్తుంది. కనుక పుట్టి తేలగల బరువు వేరు, భద్రంగా మోయగల బరువు వేరు.

నడిపే పద్ధతి

పుట్టికి ముందు వెనుకలు లేవు. పడవను ఒక పక్కన తెడ్డు వేసి తోసినట్లు దీనిని తోస్తే అది ముందుకు పోవడానికి బదులు తన చుట్టూ తాను తిరుగుతుంది. అందువలన నడిపేవాడు పోదలచిన దిక్కుకు ఎదురుగా కూర్చొని, లేదా మోకాళ్ళపై నిలిచి, తెడ్డును తన ముందు నీటిలో ముంచి తనవైపుకు లాగుతాడు. తెడ్డును నీటిలో అటు ఇటు ఆడిస్తూ కూడా పుట్టిని ముందుకు లాగవచ్చును. లోతు తక్కువ ఉన్నచోట గడ వేసి తోస్తారు. గాలికి, ప్రవాహానికి పుట్టి తేలికగా లొంగిపోతుంది. అందుచేత ఏరు దాటేవారు చేరవలసిన రేవుకు ఎగువన బయలుదేరి, ప్రవాహంతో పాటు ఏటవాలుగా దిగుతూ అవతలి ఒడ్డు చేరుతారు.

చరిత్ర

గుండ్రటి తోలు పడవలు ప్రపంచంలో పలుచోట్ల ఉన్నాయి. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దానికి చెందిన గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ బాబిలోనుకు సరుకు తెచ్చే గుండ్రటి తోలు పడవలను వర్ణించాడు. సరుకు అమ్మిన తరువాత పడవ చట్రాన్ని కూడా అమ్మివేసి, తోళ్ళను మాత్రం గాడిదపై వేసుకొని వర్తకులు తిరిగి వెళ్ళేవారని అతడు వ్రాశాడు. ఇరాక్‌లోని కుఫా, బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతపు కొరకిల్, వియత్నాంలోని వెదురు గంప పడవ ఇదే కుటుంబానికి చెందినవి.

దక్షిణ భారతదేశంలో వీటి వాడుకకు ప్రసిద్ధమైన సాక్ష్యం విజయనగర కాలానిది. శ్రీకృష్ణదేవరాయల పాలనలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, ఆనెగొంది వద్ద జనులు గంపల వంటి గుండ్రటి పడవలలో తుంగభద్రను దాటుతున్నారని వ్రాశాడు. వాటికి లోపల బెత్తపు అల్లిక, వెలుపల తోలు ఉండేవని, ఒక్కొక్కటి పదిహేను ఇరవై మందిని మోసేదని, అవి తిన్నగా పోక గిరగిర తిరుగుతూ పోయేవని అతడి వర్ణన. 1803లో మరాఠా యుద్ధ సమయంలో ఆర్థర్ వెలస్లీ తన సేనను నదులు దాటించడానికి ఇటువంటి గంప పడవలను వాడాడు. దక్షిణ భారతదేశపు పుట్టిపై 20వ శతాబ్దంలో శాస్త్రీయంగా వ్రాసిన వారిలో మత్స్య శాస్త్రజ్ఞుడు జేమ్స్ హార్నెల్ ముఖ్యుడు.

వంతెనలు వచ్చిన తరువాత రేవు పుట్ల అవసరం తగ్గింది, కాని పూర్తిగా పోలేదు. ఆనెగొంది వద్ద నిర్మాణంలో ఉన్న వంతెన 2009 జనవరిలో కూలిపోయిన తరువాత కూడా అక్కడి ప్రజలు పుట్లపైనే ఆధారపడవలసి వచ్చింది. తెలంగాణలో మక్తల్ ప్రాంతం నుండి కృష్ణానది నడుమ ఉన్న కురువపురం శ్రీపాద శ్రీవల్లభ క్షేత్రానికి వెళ్ళే యాత్రికులు పుట్టిలో నది దాటడం ఎరిగినదే.

అనంతపురం పీఠభూమిలో

అనంతపురం జిల్లా పశ్చిమ కనుమల వర్షచ్ఛాయా ప్రాంతంలో ఉన్నది. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. కళ్యాణదుర్గం, బ్రహ్మసముద్రం, శెట్టూరు, కుందుర్పి, కంబదూరు మండలాలలో సంవత్సరం పొడవునా పారే నది లేదు. ఈ సీమను తాకే పెన్నా, వేదవతి నదులు రెండూ కర్ణాటకలో పుట్టినవే. పెన్నా నంది కొండల ప్రాంతంలో పుట్టి, హిందూపురం మీదుగా ఉత్తరానికి పారి, పెన్నహోబిలం వైపు సాగుతుంది. హగరి అని కూడా పిలువబడే వేదవతి బాబాబుడన్ కొండల ప్రాంతంలో పుట్టి, గుమ్మగట్ట మండలంలోని భైరవానితిప్ప జలాశయం మీదుగా తుంగభద్రను చేరుతుంది.

వేదవతిపై ఎగువన హిరియూరు వద్ద మైసూరు సంస్థానం వారు కట్టిన వాణీ విలాస సాగరం ఉన్నది. 1933లో నిండిన ఆ జలాశయం, మళ్ళీ 2022 సెప్టెంబరులో, అనగా 89 ఏళ్ళకు, నిండి పొర్లింది. ఒక నదిపై రెండు నిండు ప్రవాహాల నడుమ ఒక మనిషి జీవితకాలం గడిచిపోయిన ఉదాహరణ ఇది. తుంగభద్ర ఎగువ కాలువ నీరు చేరే మధ్య పెన్నార్ జలాశయం, పెన్నహోబిలం జలాశయం, హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా జలాలు చేరే బెళుగుప్ప మండలపు జీడిపల్లి జలాశయం ఈ ప్రాంతంలో కొంత నిలకడగా నీరుండే చోట్లు.

కావున ఈ పీఠభూమిలో పుట్టి వాడుక నదీ తీరపు వాడుకవంటిది కాదు. ఇక్కడ అది ముఖ్యంగా చేపల వేటకు సాధనం. చెరువు నిండిన సంవత్సరం మత్స్యకారుల సహకార సంఘాలు చేపపిల్లలను వదలి పెంచుతాయి. పుట్టి నీటిలోకి దిగుతుంది. వర్షం లేని సంవత్సరాలలో అదే పుట్టి ఇంటి వెనుక బోర్లించి ఉంటుంది. ఇక్కడ ఏ జలవాహనమైనా నీటిలో గడిపే కాలం కంటె ఒడ్డున గడిపే కాలమే ఎక్కువ. కొనుగోలులో ఈ విషయాన్ని అన్నిటికంటె ముందు గమనించవలసి ఉన్నది.

ప్రత్యామ్నాయాలు

వెదురు పుట్టి కాక, చెరువులలో, జలాశయాలలో ఒకరిద్దరి వాడకానికి ఈ క్రింది సాధనాలు కనిపిస్తాయి.

ఫైబర్ పుట్టి: గాజునారను రెసిన్‌తో అతికి పోతపోసినది. నీరు పీల్చదు, చివకదు, చెద పట్టదు. వెదురు పుట్టి కంటె ఖరీదు ఎక్కువ. బండకు తగిలి పగిలితే అతికే పని తెలిసినవారు అవసరం. కొన్ని రకాలకు అంచులో గాలి గదులు గాని, నురుగు దిమ్మలు గాని ఉంచుతారు. అటువంటివి నీటితో నిండినా పూర్తిగా మునగవు.

లారీ ట్యూబు: గాలి నింపిన ట్యూబుకు నడుమ తాళ్ళతో అల్లి దానిపై కూర్చొని వల వేస్తారు. అన్నిటికంటె చవక, కాని నమ్మదగినది కాదు. ఏళ్ళ తరబడి ఎండిన చెరువులలో సర్కారు తుమ్మ అడవివలె పెరుగుతుంది. నీరు వచ్చినపుడు ఆ ముళ్ళకంప నీటి అడుగున ఉండిపోతుంది. ట్యూబుకు ముల్లు గుచ్చుకుంటే ఒకే గాలి గది కనుక మొత్తం గాలి పోతుంది.

గాలి నింపే పడవ: మడిచి సంచిలో పెట్టుకొని పోవచ్చును. రెండు మూడు వేరు వేరు గాలి గదులున్న పడవ ట్యూబు కంటె మేలు. ముళ్ళ భయం మాత్రం దీనికీ ఉన్నది. ఎండలో గాలి వ్యాకోచించి అతుకులు విడిపోయే ప్రమాదం ఉన్నందున మండుటెండలో పూర్తిగా గాలి నింపి ఒడ్డున వదలరాదు.

కయాక్: పొడవుగా, సన్నగా ఉండి ఇరువైపుల రెక్కలున్న తెడ్డుతో నడిచే పడవ. పుట్టి కంటె చాలా వేగంగా, తిన్నగా పోతుంది. వ్యాయామానికి, విహారానికి మంచిది. ఇరుకుగా ఉండుటచేత కొత్తవారు తేలికగా బోల్తా పడతారు. కనుక ముందుగా ఈత, బోల్తాపడిన పడవను మళ్ళీ ఎక్కడం నేర్చుకొనవలెను.

ఇంజనుతో నడిచే వ్యక్తిగత జలవాహనాలు

మోటారు సైకిలుపై కూర్చున్నట్లు కూర్చొని నడిపే చిన్న ఇంజను పడవలను సాధారణంగా జెట్ స్కీ అంటారు. నిజానికి జెట్ స్కీ అనేది జపానుకు చెందిన కవాసాకి సంస్థ వాణిజ్య నామం. అమెరికాకు చెందిన క్లేటన్ జాకబ్సన్ ఆలోచనల నుండి రూపొందిన ఈ వాహనాన్ని ఆ సంస్థ 1970వ దశకం తొలినాళ్ళలో విపణిలోకి తెచ్చింది. అంతకు కొద్దిగా ముందే, 1968లో, కెనడాకు చెందిన బొంబార్డియర్ సంస్థ సీ-డూ పేరుతో కూర్చొని నడిపే వాహనాన్ని తయారు చేసింది. యమహా సంస్థ వేవ్‌రన్నర్ 1980వ దశకంలో వచ్చింది.

వీటికి బయట తిరిగే పంకా ఉండదు. అడుగు భాగం నుండి నీటిని లోపలికి పీల్చి, వెనుక గొట్టం ద్వారా వేగంగా చిమ్మడం వలన వాహనం ముందుకు పోతుంది. ఆ గొట్టాన్ని పక్కలకు తిప్పడం వలన మలుపు తిరుగుతుంది. ఇంధనం తగ్గించి వేగం ఆపివేసినపుడు చిమ్మే నీరు ఆగిపోయి, మలుపు తిప్పే శక్తి కూడా చాలావరకు పోతుంది. ఎదుట అడ్డంకి కనిపించగానే కొత్తవారు వేగం ఆపి పక్కకు తిప్పబోతారు, వాహనం మాత్రం తిన్నగా పోయి దానినే ఢీకొంటుంది. ఈ వాహనాల ప్రమాదాలకు ఇది ఒక ముఖ్య కారణం. నడిపేవాని మణికట్టుకు గాని, జాకెట్టుకు గాని తగిలించే తాడు ఇంకొక ముఖ్య భాగం. మనిషి నీటిలో పడగానే అది ఊడి ఇంజను ఆగిపోతుంది.

ఆంధ్ర ప్రదేశ్‌లో విశాఖపట్నం రుషికొండ వంటి సముద్ర తీర విహార స్థలాలలో ఈ వాహనాలపై విహారం పరిచితమే. అనంతపురం పీఠభూమిలో సొంతానికి కొనదలచిన వారు మాత్రం కొన్ని అడ్డంకులు గమనించవలెను. వీటి బరువు సాధారణంగా 200 నుండి 400 కిలోలు. తీసుకుపోవడానికి ట్రైలరు, దించడానికి నీటిలోకి వాలుగా పోయే గట్టి బాట అవసరం. పీల్చే గొట్టం క్రింద దాదాపు మూడడుగుల నీరు లేకపోతే అడుగున ఉన్న ఇసుక, రాళ్ళు పంపులోకి పోతాయి. నీటి గడ్డి, తుమ్మ కంప, పాత వలల ముక్కలు పంపును బిగించివేస్తాయి. నెలల తరబడి వాడకపోతే ఇంజనులో ఇంధనం చెడిపోయి, బ్యాటరీ శక్తి కోల్పోతుంది. బాగు చేసే పనివారు దగ్గరలో ఉండరు. పెన్నహోబిలం జలాశయం వంటివి తాగునీటి ఆధారాలు కూడా కనుక ఇంధనం, నూనె నీటిలో కలవడం ప్రజారోగ్య సమస్య అవుతుంది.

ఎంపికలో గమనించవలసినవి

వ్యక్తిగత జలవాహనాన్ని ఎంచుకొనేవారు ముందుగా వాహనాన్ని కాక నీటిని చూడవలెను. ఆ చెరువులో ఏడాదికి ఎన్ని నెలలు నీరుంటుంది, లోతెంత, అడుగున కంప ఉన్నదా, గాలి ఏ వేళ ఎక్కువ అనే ప్రశ్నలకు ఆ చెరువులో వేటాడే జాలరుల వద్ద సమాధానం దొరుకుతుంది.

వెదురు పుట్టిని కొనేటపుడు ఈ క్రింది పరీక్షలు ఉపయోగపడతాయి.

అల్లిక: బొటనవేలితో గట్టిగా నొక్కినపుడు బద్దలు పక్కకు జరుగకూడదు. బద్దలపై చిన్న చిన్న రంధ్రాలు, వాటి క్రింద పిండి వంటి పొడి కనిపిస్తే పురుగు పట్టినదని గుర్తు.

అంచు: ఇద్దరు ఎదురెదురుగా నిలబడి అంచు పట్టుకొని లాగినా, నొక్కినా గుండ్రటి ఆకారం చెడకూడదు. అంచు కట్టిన తాడు తెగినచోట ముడులు ఎక్కువగా ఉంటే కట్టు మార్పించుకొనవలెను.

కప్పు: పుట్టిని బోర్లించి, లోపల నుండి వెలుతురు వైపు చూడవలెను. సూది బెజ్జమంత వెలుతురు కనిపించినా అక్కడ తారు చాలలేదని అర్థం. తరువాత ఒడ్డు దగ్గర నీటిలో ఖాళీగా ఒక గంట ఉంచి, లోపల తడి చూడవలెను.

లోతు: అడ్డుకొలత పెద్దదై గోడ పొట్టిగా ఉన్న పుట్టి కంటె, గోడ రెండడుగులకు తగ్గకుండా ఉన్నది గాలి వీచే జలాశయానికి మేలు.

బరువు: కొనేవాడు దానిని తానే ఎత్తి, తలపై బోర్లించుకొని కొంతదూరం నడవగలగాలి. ఎండకాలంలో చెరువు కుంచించుకుపోయినపుడు గట్టు నుండి నీటివరకు చాలా దూరం బురదలో నడవవలసి వస్తుంది.

మరమ్మత్తు: అల్లినవారు అందుబాటులో ఉన్న ఊరిలోనే కొనడం మంచిది. ఒక బద్ద విరిగితే ఆ బద్దనే మార్చవచ్చుననేది వెదురు పుట్టికి గల పెద్ద సౌకర్యం.

ఏడాది పొడవునా నీరుండే జలాశయంలో నిత్యం వాడేవారికి ఫైబర్ పుట్టి, అప్పుడప్పుడు నిండే చెరువులో తక్కువ ఖర్చుతో వాడుకొనేవారికి వెదురు పుట్టి, వ్యాయామం, విహారం కోరేవారికి కయాక్ అనువైనవి. వేగపు సరదా కోరేవారు ఇంజను వాహనాన్ని కొనడం కంటె, శిక్షకులు, రక్షణ పడవలు ఉన్న విహార స్థలాలలో అద్దెకు తీసుకొని నడపడం సులభం, క్షేమకరం.

వినోదం

పుట్టి ప్రయాణంలో సరదా వేగం వలన రాదు. పుట్టిని నీటిపై గిరగిర తిప్పడం హంపి, తమిళనాడులోని హొగెనకల్ వంటి చోట్ల యాత్రికులకు ప్రీతి. నీటిమట్టానికి జానెడు ఎత్తున కూర్చొని పోవడం వలన నీటి పక్షులను బెదరకుండా దగ్గర నుండి చూడవచ్చును. ఇంజను చప్పుడు లేకపోవడం ఇందుకు తోడ్పడుతుంది. నడపడం నేర్చుకొనేవారు మొదటి రోజులలో ఒకేచోట తిరుగుతూ ఉండిపోవడం సహజం. నడుము లోతు నీటిలో కొన్ని రోజులు అభ్యాసం చేస్తే తిన్నగా నడపడం పట్టుబడుతుంది.

ప్రమాదాలు, భద్రత

కరవు సీమలో నీటి ప్రమాదాలకు ఒక ప్రత్యేక కారణం ఉన్నది. పూర్వం పల్లెలలో పిల్లలు నడుముకు బెండ్లు గాని, ఎండిన సొరకాయ బుర్రలు గాని కట్టుకొని దిగుడు బావులలో ఈత నేర్చేవారు. భూగర్భ జలం అడుగంటి బావులు ఎండి, వాటి స్థానంలో బోర్లు రావడంతో ఈత నేర్చే చోటు లేకుండాపోయింది. చాలా ఏళ్ళకు చెరువు నిండినపుడు ఊరంతా పండుగవలె గట్టుకు చేరుతుంది. పిల్లలు, బంధువులు ఉత్సాహంగా ఉన్న పడవలోకి ఎక్కుతారు. ఎక్కినవారిలో ఈత వచ్చినవారు కొద్దిమందే ఉంటారు.

2017 ఏప్రిల్‌లో గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజు చెరువులో సరదాగా విహారానికి వెళ్ళినవారి పడవ బోల్తాపడి పదిమందికి పైగా మరణించారు. మృతులలో పిల్లలు కూడా ఉన్నారు. అదే సంవత్సరం నవంబరులో విజయవాడ సమీపాన కృష్ణానదిలోను, 2019 సెప్టెంబరులో గోదావరిపై కచ్చులూరు వద్దను జరిగిన పెద్ద పడవ ప్రమాదాలు రాష్ట్రమంతటా చర్చకు వచ్చాయి. చిన్న చెరువులోని ప్రమాదాలు ఇంతగా చర్చకు రావు, కాని ఒక ఊరికి వాటి వలన కలిగే నష్టం తక్కువది కాదు.

చిన్న జలవాహనాల వాడకంలో పాటించవలసిన ముఖ్య జాగ్రత్తలు ఇవి.

ఎక్కిన ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్టు తొడుగుకొని, పట్టీలు బిగించుకొనవలెను. పడవలో పక్కన పెట్టుకున్న జాకెట్టు బోల్తాపడిన క్షణంలో చేతికి అందదు. జాకెట్ల తేలుడు శక్తిని న్యూటన్లలో కొలుస్తారు. అంతర్జాతీయ ప్రమాణాలలో 50, 100, 150, 275 న్యూటన్ల తరగతులున్నాయి. 50 న్యూటన్ల తరగతి ఈత వచ్చి, ఒడ్డుకు దగ్గరలో ఉండేవారికి మాత్రమే ఉద్దేశించినది. ఈత రానివారికి కనీసం 100 న్యూటన్లది, పిల్లలకు వారి బరువుకు తగినది కావలెను.

ఆరేడు అడుగుల పుట్టిలో నడిపేవానితో కలిపి ముగ్గురికి మించకుండుట మేలు. పడవ నడుమ నేలకు ఆని కూర్చొనవలెను. ఛాయాచిత్రం కొరకు అందరూ ఒక పక్కకు చేరడం, నిలబడడం అత్యంత ప్రమాదకరం.

గాలి లేచినపుడు, ఉరుములు వినిపించినపుడు వెంటనే ఒడ్డు చేరవలెను. జలాశయపు గేట్లకు, తూములకు, మరువకు దగ్గరగా పోరాదు. అక్కడ పైకి నిశ్చలంగా కనిపించే నీరు లోపల వేగంగా లాగుతుంది.

పడవ బోల్తాపడితే దానిని వదలి ఈదడం కంటె, బోర్లాపడిన పడవనే పట్టుకొని సహాయం కొరకు వేచి ఉండడం సాధారణంగా క్షేమం. ఇందుకు వీలుగా అంచు చుట్టూ ఒక తాడు కట్టి ఉంచవలెను. మునుగుతున్నవారిని కాపాడదలచినవారు తాము దూకడం కంటె ముందుగా తాడు, గడ, ట్యూబు అందించవలెను.

సంరక్షణ

వాడిన తరువాత పుట్టిని బయటకు తీసి, బోర్లించి నీడలో ఆరబెట్టవలెను. నీటిలోనే వదలితే వెదురు నాని చివుకుతుంది. ఎండలో వదలితే బద్దలు బీటలు తీసి, తారు కరిగి జారిపోతుంది. అనంతపురం ఎండలకు రెండవ ప్రమాదమే ఎక్కువ. నేలకు ఆనకుండా రాళ్ళపై గాని, కొయ్యలపై గాని ఉంచితే చెద పట్టదు. చాలాకాలం వాడని పుట్టిని నీటిలో దింపేముందు అల్లిక, అంచు మళ్ళీ పరీక్షించి, కొత్తగా తారు పూసి, ఒడ్డు దగ్గర ఖాళీగా తేలించి చూడవలెను. కరవు ముగిసి చెరువు నిండిన మొదటి రోజున పాత పుట్టిని పరీక్షించకుండా దింపడం మంచిది కాదు.

చట్టం

దేశీయ జలమార్గాలలో తిరిగే పడవలకు 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త దేశీయ నౌకల చట్టం వచ్చింది. ఇంజనుతో నడిచే పడవల నమోదు, తనిఖీ, సిబ్బంది అర్హతలు ఇందులో ఉన్నాయి. ఇంజను లేని పడవలను స్థానిక సంస్థల స్థాయిలో నమోదు చేయడానికి కూడా ఈ చట్టం వీలు కల్పిస్తుంది. సాగునీటి చెరువులలో, జలాశయాలలో విహారానికి పడవ దించదలచినవారు జలవనరుల శాఖ అధికారులను ముందుగా సంప్రదించవలెను. చేపల పెంపకం హక్కులున్న చెరువులో ఆ సహకార సంఘాన్ని కూడా అడగడం మర్యాద, అవసరం.

ఇవి కూడా చూడండి

తెప్ప
పడవ
కళ్యాణదుర్గం
వేదవతి నది
భైరవానితిప్ప ప్రాజెక్టు
ఆర్కిమెడిస్ సూత్రం
ఈత